చైనాని చూపిస్తారు, భూమి మాట ఎత్తరు

చైనా, చైనా, చైనా. టీవీ పెడితే చైనా. పేపరు తెరిస్తే చైనా. నందిగామ సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడ్డా చైనాయే. ఒకాయన చైనా ఎంత ఎదిగిందో చూడండి అంటాడు. ఇంకొకాయన చైనా మన శత్రువు, దాని సరుకు ముట్టుకోవద్దు అంటాడు. మూడో ఆయన ఎర్ర కండువా సర్దుకుని, ఎన్ని చెప్పినా అది సోషలిస్టు దేశం అంటాడు. మిరపకాయల వ్యాపారి మాత్రం ఏమీ అనడు. చైనా ఆర్డరు వచ్చిందా రాలేదా అని ఫోన్లో కనుక్కుంటాడు. నలుగురూ మాట్లాడేది మన నెత్తి మీదుగానే. మిరప చేలో వంగి కాయ కోసేవాళ్ళని ఏమంటారని అడిగినవాడు లేడు.

అడగకపోతే మానె. మేమే చెప్తాం. ఈ నలుగురికీ ఉమ్మడిగా ఒక జబ్బుంది. చైనా రోడ్లు చూపిస్తారు, రైళ్ళు చూపిస్తారు, ఆకాశాన్నంటే మేడలు చూపిస్తారు, తుపాకులు చూపిస్తారు. ఇవన్నీ రాకముందు ఆ దేశంలో భూమి పంచారన్న సంగతి దగ్గరికొచ్చేసరికి నలుగురికీ ఒకేసారి గొంతు పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుంటుందో తెలియనంత అమాయకులం కాదు. ఆ మాట ఎత్తితే తర్వాత మాట వాళ్ళ పొలం గట్టు మీదికొస్తుంది.

ముందు మిరపకాయ సంగతి చూద్దాం. మన వాడలోకి చైనా వచ్చింది ఆ దారినే.

గరికపాడు దగ్గర హైదరాబాదు రోడ్డు మీద రెండు రాష్ట్రాల సరిహద్దు. అటు కోదాడ, ఇటు జగ్గయ్యపేట. ఈ మెట్టంతా, జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు, నల్లరేగడి నేల ఎక్కడున్నా పత్తి, లేదంటే మిరప. జిల్లా పేరు 2022లో ఎన్టీఆర్ జిల్లా అని మారింది గాని చేల మీద పేర్లు మారలేదు. భూమి పాత ఆసాములదే. చాకిరీ పాత వాడలదే. ఇక్కడి కాయ గుంటూరు యార్డుకి పోతుంది, కొంత ఖమ్మం పోతుంది. తేజ రకమైతే ఘాటెక్కువ. ఆ ఘాటు కోసమే చైనావాడు కొంటాడు. వాళ్ళ మసాలాల్లోకి, కాయ నుంచి ఘాటు రసం తీసే ఫ్యాక్టరీల్లోకి. 2023-24లో మన దేశం నుంచి చైనాకి పోయిన ఎండు మిరపకాయ సుమారు 1.8 లక్షల టన్నులు. విలువ 4 వేల కోట్ల రూపాయల పైచిలుకు. మన మిరపకాయకి ప్రపంచంలో అందరికంటే పెద్ద గిరాకీదారు ఇప్పుడు చైనాయే.

నాలుగు వేల కోట్లు! ఇందులో కాయ కోసిన ఆడమనిషి చేతికి ఎంతొచ్చింది? తొడిమ తీసిన ముసలమ్మకి ఎంతొచ్చింది? తొడిమ తీయని కాయ కంటే తీసిన కాయకి ధర ఎక్కువ. ఆ తీసేది ఎవరు? కోల్డు స్టోరేజీల పక్కన రేకుల షెడ్లలో, గుడ్డ ముక్క ముక్కుకి కట్టుకుని, రోజంతా దగ్గుతా తుమ్ముతా కూర్చునే మన ఆడవాళ్ళు. రాత్రి ఇంటికొచ్చాక ఆ చేత్తో చంటిబిడ్డని ముట్టుకోలేరు. కళ్ళు తుడుచుకోలేరు. ఈ మంట ఎగుమతి లెక్కల్లో ఏ కాలమ్‌లోనూ ఉండదు.

ధర పెరిగితే కూలి పెరిగిందా? 2023లో తేజ క్వింటా 20 వేలు దాటింది. అప్పుడు ఆసామి కొత్త ట్రాక్టరు తెచ్చాడు, కమీషన్ వ్యాపారి మేడ మీద మేడ వేశాడు. కూలి రేటు అడిగితే మాత్రం 'పక్కూరి నుంచి ముఠాని తెస్తాం' అన్నారు. ధర పడితే? పడ్డ ధర అంతా కిందికి జారుతుంది. ఆసామి కౌలు తగ్గించడు. ముందే తీసుకున్నాడు గదా. వ్యాపారి వడ్డీ తగ్గించడు. మిగిలింది కౌలుదారు, వాడి కింద కూలి. 2025లో అదే జరిగింది. కోల్డు స్టోరేజీల్లో పాత కాయ పేరుకుంది, ఎగుమతి మందగించింది, ధర సగానికి పడింది. ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి ఒక మాట వచ్చింది. మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2.91 లక్షల టన్నుల వరకు అన్నారు. పేపర్లు పండగ చేశాయి. మేము అడిగేది ఒక్కటే. ఆ లెక్క ఎవరి పేరు మీద రాస్తారు? పొలం ఎవరి పేరున ఉందో వాడి పేరు మీదా, పురుగుమందు పీల్చి పంట పండించినవాడి పేరు మీదా?

ఈ ప్రశ్నకి జవాబు చట్టంలోనే ఉంది. 2011లో కౌలుదారులకి రుణ అర్హత కార్డులన్నారు. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల కార్డు. బాగానే ఉంది. అయితే కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. పులి సంతకం పెడితేనే మేకకి గడ్డి అన్నట్టు! ఏ ఆసామి పెడతాడు? పెడితే భూమి పోతుందని వాడి భయం. పెట్టకపోతే మనకి బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, నష్టపరిహారం లేదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా ఊడ్చేసినప్పుడు చూశాం గదా. చేలో నిలబడి ఏడ్చినవాడు ఒకడు, ప్రభుత్వం జాబితాలో ఉన్నవాడు ఇంకొకడు.

పురుగుమందు సంగతి వచ్చింది గాబట్టి ఒక మాట. మన దుకాణాల్లో అమ్మే మందుల్లో అసలు సరుకు, ఆ విషం మూలపదార్థం, చాలామటుకు చైనా నుంచే వస్తుంది. ఇక్కడ నీళ్ళూ నూనే కలిపి సీసాలో పోసి మీసాల వీరుడి బొమ్మ వేస్తారు. ఎరువూ అంతే. 2021 అక్టోబర్లో చైనా తన ఎరువుల ఎగుమతికి కళ్ళెం వేస్తే మనకిక్కడ డీఏపీకి కటకటొచ్చింది. కట్ట దొరికేది ముందు ఎవరికి? సొసైటీలో పలుకుబడి ఉన్నవాడికి. కౌలుదారు బ్లాకులో కొనుక్కోవాలి. అంటే ఏమిటన్నమాట? మందు చైనాది, కట్ట చైనాది, కాయ కొనేది చైనా. మధ్యలో భూమి మాత్రం ఆసామిది, చెమట మనది. చైనా పలుకుబడి ప్రపంచమంతా పాకుతోందని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు పుస్తకాలు రాస్తున్నారు. గరికపాడు చేల గట్ల మీదికొచ్చి చూస్తే పుస్తకం అక్కర్లేదు.

2020 జనవరి చివర్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వూహాన్ అనే ఊరు మూశారు. అప్పటిదాకా ఆ ఊరి పేరు మనలో ఎవరూ వినలేదు. ఆ ఊరు మూస్తే ఇక్కడ గుంటూరులో, ఖమ్మంలో తేజ ధర దిగిపోయింది. ఓడలు ఆగినయ్యి, కొనేవాడు లేడు అన్నారు. కోతలు నడుస్తున్న రోజులు. రెండు నెలలు తిరక్కముందే ఆ రోగం ఇక్కడికొచ్చింది. మార్చి 24 రాత్రి నాలుగు గంటల నోటీసుతో దేశానికి తాళం వేశారు. హైదరాబాదులో హాస్టళ్ళు మూస్తే పిల్లలు మూటా ముల్లే పట్టుకుని బయల్దేరి ఇదే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. వెనక్కి పొమ్మంటే హాస్టల్ లేదు, ముందుకి పోనిస్తే రోగం తెస్తారంట. ఆ సరిహద్దు గీత 2014లో గీసినప్పుడు అది మనల్ని ఆపటానికే అని ఎవరన్నా అనుకున్నారా? బస్సుల్లో వచ్చినవాళ్ళు టీవీలో కనపడ్డారు. నడిచొచ్చినవాళ్ళు కనపడలేదు. పైన ములుగు వైపు మిరప కోతలకొచ్చిన ఆదివాసీ కూలీల్లో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఛత్తీస్‌గఢ్‌లో తన ఊరికి మూడు రోజులు అడవిలో నడిచి, ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనగా ప్రాణం విడిచింది. 2020 ఏప్రిల్ సంగతి. ఆ పిల్ల కోసిన కాయ చైనా పోయే ఉంటుంది. ఆ పిల్ల మాత్రం బీజాపూర్ పోలేకపోయింది.

ఇక దేశభక్తుల దగ్గరికొద్దాం.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన కొట్లాటలో మనవాళ్ళు ఇరవై మంది చనిపోయారు. వాళ్ళని నడిపించిన కల్నల్ సంతోష్ బాబు ఈ రోడ్డు మీదే ఉన్న సూర్యాపేట బిడ్డ. ఆ ఇంటి దుఃఖం ముందు మేమూ తలొంచుతాం. మేము అడిగేది ఆ దుఃఖాన్ని అమ్ముకున్నవాళ్ళని. ఆ వారంలో చైనా బొమ్మలు తగలబెట్టినవాళ్ళు, చైనా టీవీలు మేడల మీదినుంచి పడేసినవాళ్ళు ఏమైపోయారు? జూన్ 29న 59 యాప్‌లు నిషేధించారు. ఫోన్లో పాటలు పాడుకునే మన పిల్లల టిక్‌టాక్ పోయింది. పెద్దవాళ్ళ వ్యాపారం పోయిందా? లెక్క వినండి. 2020-21లో మన దేశం చైనా నుంచి తెచ్చుకున్న సరుకు సుమారు 6,500 కోట్ల డాలర్లు. 2024-25కి అది 11,300 కోట్ల డాలర్లు దాటింది. మనం వాళ్ళకి అమ్మింది 1,425 కోట్ల డాలర్లు. బహిష్కరించమన్న తర్వాత దిగుమతి ముప్పాతిక వంతు పెరిగింది! 2025 ఆగస్టు చివర్లో ప్రధానమంత్రి తియాన్‌జిన్ వెళ్ళి చైనా అధ్యక్షుడితో చేయి కలిపారు. అక్టోబర్లో విమానాలు కూడా మొదలయ్యాయి. మంచిదే, యుద్ధం కంటే కరచాలనం మేలు. కాని వాడలో సెల్‌ఫోన్ కొట్టు పెట్టుకున్న కుర్రాణ్ణి చైనా సరుకు అమ్ముతావా అని కాలరు పట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఎవరి కాలరు పట్టుకుంటారు?

దేశభక్తి పాఠం మాకు చెప్పొద్దు. టిబెట్‌ని చైనా మింగుతుంటే నెహ్రూ పంచశీల అంటూ పావురాలెగరేస్తున్నప్పుడు, 1954 ఆగస్టు 26న రాజ్యసభలో లేచి, లాసాని చైనా చేతిలో పెట్టి సరిహద్దుని మన గుమ్మం దాకా తెచ్చుకుంటున్నారని హెచ్చరించింది ఎవరు? మా బాబాసాహెబ్ అంబేద్కర్. ఎనిమిదేళ్ళ తర్వాత 1962లో అదే అయ్యింది. అప్పుడు వినలేదు, ఇప్పుడు ఆయన బొమ్మకి దండ వేసి మనకే దేశం అంటే ఏంటో చెప్తారు. ఇంకో మాట, చైనాకీ మనకీ సంబంధం ఈనాటిది గాదు. జగ్గయ్యపేట పక్కన ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. ఏడో శతాబ్దంలో చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకం దాకా వచ్చాడు, ఇక్కడి భిక్షువుల దగ్గర చదువుకోటానికి. అప్పుడు ఈ నేల చైనాకి చదువు పంపింది. ఆ చదువుని తరిమేసి మను ధర్మాన్ని తెచ్చినవాళ్ళ వారసులు ఇప్పుడు మిరపకాయలు పంపుతున్నారు.

మూడో రకం, అభివృద్ధి భక్తులు. వీళ్ళు తెలివైనవాళ్ళు. 1980 ప్రాంతంలో చైనావాడి తలసరి ఆదాయం, మనవాడి తలసరి ఆదాయం దాదాపు పక్కపక్కనే ఉండేవి, ఇప్పుడు వాళ్ళది మనకి ఐదింతలు, ఎలా ఎదిగారో చూడండి అంటారు. నిజమే. ఎదిగారు. 2010లో జపాన్‌ని దాటి ప్రపంచంలో రెండో స్థానానికొచ్చారు. నలభై ఏళ్ళలో దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకే ఒప్పుకుంది. దాన్ని కాదనటానికి మేమెవరం? ఆకలి తెలిసినవాళ్ళం, ఆకలి తీరిందంటే సంతోషిస్తాం.

అయితే ఎలా ఎదిగారు? అభివృద్ధి భక్తుడు కథని 1980లో షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలి నుంచి మొదలుపెడతాడు. మేము ముప్పై ఏళ్ళు వెనక్కి పోతాం. 1950 జూన్ 30న చైనాలో వ్యవసాయ సంస్కరణ చట్టం వచ్చింది. రెండు మూడేళ్ళలో భూస్వాముల భూమి గుంజి, భూమి లేనివాళ్ళకి, చాలనివాళ్ళకి పంచారు. వాళ్ళ సర్కారు లెక్క ప్రకారం 30 కోట్ల మందికి, మన కొలతలో 11 కోట్ల ఎకరాల పైన. ఊరూరా సభ పెట్టి, కూలివాణ్ణి లేపి, నీ గోడు చెప్పు అని భూస్వామి ముఖం మీదే చెప్పించారు. ఆ ఊపులో లక్షల ప్రాణాలు పోయాయి. దాన్ని దాచం, సమర్థించం. చంపకుండా భూమి పంచిన దేశాలూ ఉన్నాయి, జపాన్, తైవాన్. మన దగ్గర చంపనూ లేదు, పంచనూ లేదు. మన భూసంస్కరణల చట్టం 1973లో చేశారు, 1975 జనవరి 1 నుంచి అమలన్నారు. ఆ మధ్య కాలం ఎందుకిచ్చారో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. కుక్కల పేరు మీద, పాలేళ్ళ పేరు మీద, పుట్టని మనవల పేరు మీద భూమి రాసుకోటానికి. మన జిల్లా మనిషే, మన మనిషే, కోనేరు రంగారావు గారి కమిటీ 2006లో ఈ భాగోతమంతా కాగితం మీద పెట్టి, ఏం చెయ్యాలో చెప్పింది. ఆ నివేదిక మీద ఇప్పుడు ఎంత దుమ్ముందో కలెక్టరాఫీసు బల్లలకే తెలియాలి.

భూమి, చదువు, ఊళ్ళో వైద్యం. ఈ మూడూ ఎంతో కొంత అందాకనే చైనా పల్లెటూరి పిల్ల ఫ్యాక్టరీలోకి పోయింది. చదవటం వచ్చు, ఒంట్లో సత్తువుంది, వెనక ఊళ్ళో తన వాటా భూమి ఉంది. ఉద్యోగం పోతే తిరిగొచ్చి నిలబడటానికి కాళ్ళ కింద నేలుంది. మనవాళ్ళు ఏం చేశారు? మొదటి మెట్టు వదిలేసి ఆఖరి మెట్టు మీదికి దూకారు. 2005లో సెజ్ చట్టం చేశారు, చైనాని చూసే. సెజ్‌కి భూమి కావాలి. ఎవరిది తీసుకోటం తేలిక? డీ పట్టాది, అసైన్డ్‌ది. మనదే. అక్కడ భూస్వామి దగ్గర తీసుకుని కూలికి ఇచ్చాక ఫ్యాక్టరీ పెట్టారు. ఇక్కడ కూలికి ఇచ్చిన సెంట్లు తిరిగి లాక్కుని ఫ్యాక్టరీ పెడతామంటారు. దీన్ని చైనా దారి అంటే చైనావాడు నవ్వుతాడు.

అమరావతినే చూడండి. 2015 ఏప్రిల్లో ముఖ్యమంత్రి చైనా వెళ్ళొచ్చారు. అలాంటి రాజధాని కడతామన్నారు. చైనాకి అందరికంటే పెద్ద వాటా ఉన్న ఆసియా మౌలిక వసతుల బ్యాంకు, బీజింగ్‌లో ఉండేది, ప్రపంచ బ్యాంకుతో కలిసి 20 కోట్ల డాలర్లు అప్పిస్తానని ముందుకొచ్చింది. 2019 జూలైలో ఇద్దరూ తప్పుకున్నారు. అది వేరే రాజకీయం. మేమడిగేది దానికంటే ముందు సంగతి. భూ సమీకరణలో పట్టా రైతుకి ఇచ్చినంత ప్లాటు అసైన్డ్ భూమి సాగు చేసుకునే దళితుడికి ఇచ్చారా? 2016లో 41వ జీవో తెచ్చి వేరే తరగతులు కట్టి తక్కువిచ్చారు. ఒకే చెలక, ఒకే మట్టి, గట్టుకి అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క! అప్పు బీజింగ్ నుంచి వచ్చినా వాషింగ్టన్ నుంచి వచ్చినా మన వాటా దగ్గరికొచ్చేసరికి మనువే కొలుస్తున్నాడు. ఆ బీజింగ్ బ్యాంకే 2018లో మన రాష్ట్రంలో పల్లె రోడ్లకి 45.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. రోడ్డు ఊరి మొదట్లో ఆగిందా, వాడ దాకా వచ్చిందా? ఇది మీరే చూసి చెప్పగలరు.

అప్పు సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చైనా 2013 నుంచి బెల్ట్ అండ్ రోడ్ అని దేశదేశాలకి అప్పులిస్తోంది. శ్రీలంకవాళ్ళు హంబన్‌తోట రేవు కట్టుకున్నారు, అప్పుల కిందా మీదా పడి 2017లో ఆ రేవుని చైనా కంపెనీకి 99 ఏళ్ళకి కౌలుకిచ్చారు. మిగతా లంక అప్పులు ఇంకా చాలామంది దగ్గరున్నాయి, అంతా చైనా పాపమే అనటం సరిగాదు. ఏమైనా పెళ్ళికి అప్పిచ్చి ఎకరం రాయించుకున్న ఆసామిని చూసినవాళ్ళకి ఈ కథ కొత్తేం గాదు. పెద్దోడి అప్పు ఎప్పుడూ నవ్వుతానే వస్తుంది.

ఇక కామ్రేడ్లు. వీళ్ళతో మాట్లాడేటప్పుడు మాకు కోపం కంటే బాధ ఎక్కువ. ఎందుకంటే ఈ ప్రాంతంలో ఎర్రజెండా మోసింది మనవాళ్ళే. మునగాల పరగణా ఒకప్పుడు కృష్ణా జిల్లాలో, నందిగామ తాలూకాలో ఉండేది, చుట్టూ నైజాం. అక్కడ జమీందారు మీద లేచిన రైతుకూలీల్లో, ఆ తర్వాత సరిహద్దు దాటి నైజాం మీద పోరాడినవాళ్ళల్లో మాల మాదిగలు ఎందరో. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులే దేశంలో అందరికంటే ముందు మావో దారి మన దారి అని రాశారు. దాన్నే ఆంధ్ర థీసిస్ అంటారు. ఎంత దూరం చూశారో! యేనాన్ కొండలు కనపడ్డాయి వాళ్ళకి. తమ ఇంటి వెనక వెలివాడ కనపడలేదు. చైనాలో కులం లేదు గాబట్టి మావో కులం గురించి రాయలేదు. మావో రాయలేదు గాబట్టి మనవాళ్ళు చదవలేదు.

1964 జూలైలో తెనాలిలో సమావేశం పెట్టుకుని పార్టీని రెండు చేసే దారి పట్టారు. రష్యా దారా చైనా దారా అన్న తగవు అందులో పెద్ద పాలు. ఆ తెనాలి పక్కనే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ దళితుల్ని వేటాడి నరికి గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు ఆరేళ్ళ ముందు కారంచేడు, 1985 జూలై 17. బీజింగ్, మాస్కో మధ్య దూరాన్ని అంగుళాల్లో కొలిచినవాళ్ళు తెనాలికి చుండూరు ఎంత దూరమో ఇరవై ఏడేళ్ళల్లో కొలవలేకపోయారు. ఇంకొందరు 'చైనా ఛైర్మనే మా ఛైర్మన్' అని గోడల మీద రాశారు. ఆ రాతకి శ్రీకాకుళం కొండల్లో గిరిజనం నెత్తురు కట్టింది. 1970లో వీళ్ళ మనిషి పీకింగ్ పోతే, ఆ నినాదం తప్పు, మీ నాయకత్వం మీరే చూసుకోవాలని చౌ ఎన్‌లై స్వయంగా చెప్పి పంపాడు. చైనావాడు వద్దన్నా వీళ్ళు వదల్లేదు! అరువు బుర్ర అంటే ఇదీ.

అయితే చైనా స్వర్గమని మేమంటున్నామా? అననే అనం. భూమి పంచిన పార్టీయే ఐదారేళ్ళకి ఆ భూమిని తిరిగి గుంజి కమ్యూన్లలో కలిపింది. 1959-61 కరువులో కోట్ల మంది తిండి లేక చచ్చారు. పంట పండిందని పై అధికారులకి దొంగ లెక్కలు, కింద ఊళ్ళల్లో చెట్ల బెరడు. ఆ సంగతి రాయటానికి పత్రిక లేదు, అడగటానికి రెండో పార్టీ లేదు. 1978లో అన్‌హుయి రాష్ట్రం షియావోగాంగ్ అనే ఊళ్ళో పద్దెనిమిది మంది రైతులు దొంగచాటుగా కాగితం మీద వేలిముద్రలేసి, ఎవరి భూమి వాళ్ళం సాగు చేసుకుందాం, మనలో ఎవరన్నా జైలుకి పోతే వాడి పిల్లల్ని మిగతావాళ్ళం సాకుదాం అని ఒప్పుకున్నారు. చైనా ఎదుగుదలకి మొదటి సంతకం ఆ వేలిముద్రలే. బీజింగ్‌లో ఉన్న ఏ మహానుభావుడిదీ కాదు.

అక్కడా పుట్టుక ముద్ర ఉంది. 1958లో హుకౌ అని ఒక పద్ధతి పెట్టారు. పల్లెలో పుట్టినవాడి చిట్టాలో పల్లె అని రాస్తారు. వాడు పట్నం పోయి ఇరవై ఏళ్ళు మేడలు కట్టినా వాడి పిల్లకి ఆ పట్నం బడిలో సీటు దొరకటం గగనం, ఆసుపత్రిలో హక్కు తక్కువ. తల్లి చిట్టా పిల్లకొస్తుంది. ఇప్పుడు కొంత సడలించారు గాని పోలేదు. అలా ఊళ్ళొదిలి పనికి పోయినవాళ్ళు దాదాపు 30 కోట్లు. 2003లో సున్ ఝిగాంగ్ అనే కుర్రాడు, చదువుకున్నవాడు, గ్వాంగ్‌ఝౌలో రోడ్డు మీద పోతుంటే పర్మిట్ కాగితం చూపలేదని పట్టుకుపోయారు. మూడు రోజుల్లో దెబ్బలకి చచ్చిపోయాడు. జనం గోల చేస్తే ఆ పట్టుకుపోయే చట్టం ఎత్తేశారు. కులం వేరు, హుకౌ వేరు. చైనాలో పల్లెటూరివాణ్ణి ముట్టుకుంటే ఎవరూ స్నానం చెయ్యరు. కాని పుట్టిన చోటుని బట్టి మనిషికి రేటు కట్టటం అంటే ఏంటో మనకి తెలిసినంత ఆ కామ్రేడ్లకి తెలియదు.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాం. 2018లో షెన్‌జెన్‌లో జాసిక్ అనే ఫ్యాక్టరీలో కూలీలు యూనియన్ పెట్టుకుంటామన్నారు. పీకింగ్ విశ్వవిద్యాలయం నుంచి మార్క్సిజం చదువుకునే పిల్లలొచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డారు. కమ్యూనిస్టు పార్టీ ప్రభుత్వం కూలీల్నీ, మార్క్సిస్టు పిల్లల్నీ కలిపి పట్టుకుపోయింది. ఆ దేశంలో సమ్మె హక్కుని 1982లోనే రాజ్యాంగం నుంచి తీసేశారు. అదే ఏడాది, 2018 మార్చిలో, అధ్యక్షుడు రెండు సార్ల కంటే ఎక్కువ ఉండకూడదన్న నిబంధన కూడా తీసేశారు. బాబాసాహెబ్ 1956 నవంబర్లో ఖాట్మండులో బుద్ధుణ్ణీ మార్క్స్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడినప్పుడు అన్నది ఇదే గదా, స్వేచ్ఛనీ మైత్రినీ చంపి తెచ్చే సమానత్వం ఎంతకాలం నిలుస్తుంది అని. మన దగ్గర ఇంకా ఓటుంది, ఈ పత్రిక అచ్చేసుకునే హక్కుంది. చైనాలా క్రమశిక్షణ కావాలి అని పెద్దోళ్ళు అన్నప్పుడల్లా జాగ్రత్తగా వినండి. వాళ్ళకి కావాల్సింది చైనా భూపంపిణీ గాదు, చైనా లాఠీ.

ఈ మాటంతా ఇప్పుడెందుకంటే, మళ్ళీ కోతలొస్తున్నాయి. చైనా కొంటదో కొనదో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ ఊరి సచివాలయానికి నలుగురు కలిసి పోండి. ఒక్కరు పోతే రేపు రమ్మంటారు. ఈ సీజన్లో మీ ఊళ్ళో ఎన్ని సాగుదారు కార్డులిచ్చారు, అందులో మాల మాదిగ వాడల పేర్లెన్ని, యజమాని సంతకం లేదని తిప్పి పంపినవి ఎన్ని? అసైన్డ్ భూమి ఎన్ని ఎకరాలు, కాగితం ఎవరి పేరునుంది, నాగలి ఎవరిది? చెప్పనంటే సమాచార హక్కు కింద తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి, ఊరి స్థాయిలో దానికి ఫీజు కూడా అడగరు. కూలి రేటు కోత మొదలవ్వకముందే మాట్లాడుకోండి, పక్కూరి ముఠాతో కూడా. వాళ్ళూ మనవాళ్ళే. లెక్కలు మాకు పంపండి. వచ్చే సంచికలో ఊరి పేర్లతో వేస్తాం.